కేక మీటరు

ఆగండి. ఒక్క నిమిషం. చేతిలో పని పక్కన పెట్టి, చెవి కాస్త ఇటు పడేసి వినండి.

ఏమీ వినపడలేదు కదా. కరెంటు పోయినప్పుడు చప్పుడేమీ ఉండదు మరి. ఫ్యాను ఆఖరి చుట్టు తిరిగి నీరసంగా ఆగిపోతుంది, ఫ్రిజ్జు ఓసారి వణికి ఊరుకుంటుంది, పక్కింటి సీరియల్లో అత్తగారు తిట్టబోయిన తిట్టు సగంలో మింగేస్తుంది, అంతే. అసలు చప్పుడు తర్వాత వస్తుంది. గంటకో రెండు గంటలకో కరెంటు తిరిగొచ్చిన క్షణాన, మేడ మీదవాళ్లూ కిందవాళ్లూ, అరుగు మీద విసనకర్రతో కూర్చున్న ముసలమ్మలూ, మోటారు ఆగిపోయి ఒంటి నిండా సబ్బు నురగతో స్నానాలగదిలో ఇరుక్కున్నవాళ్లూ, అందరూ కలిసి ఒకే గొంతుతో "హే...య్" అంటారు. ఎవరూ నేర్పలేదు. ఏ బడిలోనూ పాఠం లేదు. సోమరాజుపేటలో అయితే 'అత్త' అనడం రాని పిల్లలు కూడా ఈ కేక వేసిన దాఖలాలున్నాయి.

సోమరాజుపేటలో పాత రైసుమిల్లు కాలనీ ఉంది. ఆ కాలనీలో ఈ కేకకి శ్రుతి ఇచ్చేది నూకరత్నం.

నూకరత్నానికి ఆ గొంతు తల్లి ఇచ్చిన ఆస్తి. తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని ఆకుకూరలమ్మేది, వెనకాలే నడుస్తూ పదేళ్ల నూకరత్నం "గోంగూరా, తోటకూరా" అని అరిస్తే మూడో వీధిలో మంచం మీదున్నవాళ్లు లేచి చిల్లర వెతుక్కునేవారు. ఇప్పుడు నూకరత్నం ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతోంది. జనమే గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు కాబట్టి అరిచే పని లేదు. పగలంతా వాడకుండా మిగిలిపోయిన ఆ గొంతు, సాయంత్రం కరెంటు రాగానే ఒక్కసారిగా బయటికొచ్చేది. ముందు నూకరత్నం అందుకుంటుంది, అర సెకను తేడాలో కాలనీ అంతా అందుకుంటుంది.

ఆమె బ్యాంకు ఒక పాత పోపుల డబ్బా. ఆవాల గిన్నెలో ఇంటద్దె, జీలకర్ర గిన్నెలో కూతురి ఫీజు, మినప్పప్పు గిన్నెలో రేపటి సరుకు డబ్బు, ఎండుమిర్చి గిన్నెలో గ్రైండరు వాయిదా. మెంతుల గిన్నెలో కరెంటు బిల్లు. చేదు కాబట్టి అక్కడ పెట్టానని ఆమే చెబుతుంది. ఏ గిన్నెలో డబ్బు ఆ గిన్నెలోనే ఉండాలి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెయ్యకూడదు. ఇదొక్కటే ఆమె ఆర్థిక శాస్త్రం, పన్నెండేళ్లుగా తప్పలేదు.

ఆ ఎండాకాలం నూకరత్నానికి పెద్ద బేరం తగిలింది. నర్సింగు హాస్టలుకి రోజుకి ఇరవై కిలోల ఇడ్లీ పిండి, జూన్ పదిహేను సోమవారం నుంచి మొదలు. ఆ బేరం నిలబడితే ఏడాదిలో గ్రైండరు ఆమె సొంతం. హాస్టలు వార్డెను గ్రేసమ్మ గారు మాత్రం ముందే చెప్పేసింది.

"సాయంత్రం ఏడింటికి పిండి నా వంటింట్లో ఉండాలి నూకరత్నం. ఏడూ అయిదైతే నేను ఉప్మారవ్వ తెప్పించేస్తాను. ఉప్మా పెట్టిన రోజు మా పిల్లలు ఇంజక్షన్లు ఎక్కడ పొడుస్తారో నేను చెప్పలేను."

"ఏడింటికి మీ గుమ్మంలో ఉంటానండి," అంది నూకరత్నం. అంది గానీ, రోజూ సాయంత్రం అయిదున్నరకి కరెంటు పోతోంది. పప్పు సగం నలిగాక గ్రైండరు ఆగితే, ఆ ఎండకి వేడెక్కి, మళ్లీ తిప్పినా పొంగదు. ఇడ్లీ వేస్తే గోడకి కొట్టొచ్చు.

అందుకని నూకరత్నం ఫిర్యాదు రాసింది. ఆ ఫిర్యాదు విచారణకే డివిజనల్ ఇంజనీరు పరాంకుశం గారు ఓ సాయంత్రం స్వయంగా జీపులో కాలనీకి దిగారు. కథంతా ఇక్కడే మొదలైంది.

ఆయన దిగేసరికి కరెంటు లేదు. కాలనీ జనం చుట్టూ మూగారు, ఒకరు తిడుతున్నారు, ఒకరు శాపనార్థాలు పెడుతున్నారు, ఒక ముసలమ్మ ఆయన మొహం మీదే విసనకర్ర ఆడిస్తూ "ఇది మీ ఆవిడకి ఇవ్వు నాయనా" అంటోంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పరాంకుశం గారికి ఇదేం కొత్త కాదు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది.

"హే...య్."

తిట్టే నోరు తిట్టు వదిలేసింది. శాపం పెట్టే చెయ్యి గాల్లోకి లేచి చప్పట్లు కొట్టింది. పిల్లలు గెంతారు. నూకరత్నం కేక జీపు అద్దానికి తగిలి తిరిగొచ్చింది. పరాంకుశం గారికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇరవై ఆరేళ్లలో తన శాఖని చూసి జనం ఆనందించడం ఆయన మొదటిసారి విన్నారు. కళ్లు తడయ్యాయి. విచారణ మర్చిపోయి జీపెక్కేశారు.

మర్నాడు పెద్దాఫీసుకి ఒక లేఖ వెళ్లింది. "విషయం: వినియోగదారుల సంతృప్తి, శబ్దరూపంలో లభ్యత, కొలమానం ఏర్పాటు చేయుట గురించి. సదరు కాలనీ యందు విద్యుత్ పునరుద్ధరణ గావించిన తక్షణమే వినియోగదారులు స్వచ్ఛందముగా, సామూహికముగా, ఎట్టి ప్రలోభము లేకుండా హర్షధ్వని చేయుట ఈ దిగువ సంతకందారునికి చెవులారా వినబడినది. ఇంతటి సంతృప్తి ఇంతకాలము లెక్కకు రాక వృథాయగుచున్నదని మనవి."

వృథా అన్న మాట పెద్దాఫీసులో అందరినీ కలచివేసింది. నెల తిరక్కుండా కాలనీ మొదట్లో కరెంటు స్తంభానికి ఒక బూడిదరంగు పెట్టె బిగించారు. జిల్లాలో మిగతా కాలనీలకీ ఒక్కొక్కటి పెట్టారు. దాని పేరు హర్షధ్వని గ్రాహక యంత్రం. కాలనీ వాళ్లు కేక మీటరన్నారు. కరెంటు రాగానే అందులో పచ్చ లైటు మినుకుమినుకుమంటుంది. తొంభై సెకన్లలో ఎంత కేక పడితే అన్ని పాయింట్లు.

"ఇదేం చేస్తుంది గవర్రాజూ?" అని నూకరత్నం లైన్‌మన్ గవర్రాజుని అడిగింది.

"వింటుందండి," అన్నాడు గవర్రాజు నిచ్చెన దిగుతూ.

"మన ఫిర్యాదులు కూడా వింటుందా?"

"లేదండి. సంతోషం మటుకే వింటుందండి. మిగతాది వడగట్టేస్తుందండి."

మొదటి పక్షంలోనే పాత రైసుమిల్లు కాలనీ జిల్లాకంతా ప్రథమ స్థానంలో నిలిచింది. తొంభై ఏడు పాయింట్లు. ఆఖరి స్థానం ఆఫీసర్స్ కాలనీది, సున్నా. అక్కడ కరెంటు ఎప్పుడూ పోదు కాబట్టి ఎవరూ అరవలేదు. అది తీవ్ర అసంతృప్త ప్రాంతమనీ, అక్కడి వినియోగదారుల పట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరమనీ, కనుక ఇరవై నాలుగు గంటల సరఫరా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదనీ ఉత్తర్వులు వచ్చాయి. పరాంకుశం గారి ఇల్లు కూడా అక్కడే. ఆయన ఆ అసంతృప్తిని ఎంతో ఓర్పుతో భరించారు.

ప్రథమ స్థానం వచ్చినందుకు కమ్యూనిటీ హాల్లో నూకరత్నానికి సన్మానం చేశారు. హాల్లో కరెంటు లేదు, సభ చివర్లో ఇప్పించి కేక వినాలని ఏర్పాటు. మైకు లేకుండా పరాంకుశం గారు గొంతు చించుకుని ఆమెని "సంతృప్తికి ప్రాణం పోసిన మహిళ" అన్నారు. శాలువా కప్పారు. ఆ ఉక్కలో శాలువా కప్పుకుని నూకరత్నం ఇడ్లీ పాత్రలో ఇడ్లీలా ఉడికిపోతూనే, ఇదే అదను కదా అని అడిగేసింది.

"సార్, శాలువా వద్దండి. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా కరెంటు తియ్యకుండా ఉంటే చాలండి."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "అమ్మా, నువ్వు గాలి పీలుస్తున్నావు కదా. గాలి వచ్చిందని ఎప్పుడైనా కేక వేశావా?"

"లేదండి."

"ఎందుకు వెయ్యలేదు?"

"ఎప్పుడూ ఉంటది కదండి."

"అదీ సంగతి. నిరంతర లభ్యత కృతజ్ఞతకి శత్రువు. ప్రజలకి గాలి విలువ తెలియజెప్పే అధికారం మా శాఖకి దఖలు పడలేదు. కరెంటు విలువ తెలియజెప్పే అధికారం పడింది. ఈ రోజుల్లో జనానికి ఫ్యాను ఉంది, ఫ్రిజ్జు ఉంది, మిక్సీ ఉంది, ఉన్నాయన్న స్పృహ లేదు. ఆ స్పృహ మేం రోజుకి ఒకసారే కలిగిస్తున్నాం. మీ కాలనీ ప్రతిభని దృష్టిలో ఉంచుకుని ఇకపై రెండుసార్లు కలిగించదలిచాం."

జనం చప్పట్లు కొట్టేశారు. ఆయన ఏమన్నారో ఇంటికెళ్లాక అర్థమైంది.

కోత అన్న మాట కూడా నిషేధించారు. దాన్ని సంతృప్తి విరామం అనాలి. మధ్యాహ్నం ఒక విరామం, సాయంత్రం ఒక విరామం. నూకరత్నం మొదటి వారంలోనే పధ్నాలుగు కిలోల పిండి మురిక్కాలవలో పోసింది. పక్కింటి జుబేదాకి మోటారు కుట్టుమిషను ఉంది, పెళ్లి జాకెట్లు కుడుతుంది. ఆమె కూడా నెలకి ఇవ్వాల్సిన పదహారు జాకెట్లకి తొమ్మిదే ఇవ్వగలిగింది. ఏడుగురు పెళ్లివారు తిట్టిన తిట్లు మీటరు వడగట్టేసింది.

నూకరత్నం మళ్లీ ఫిర్యాదు రాసి, ఈసారి ఆఫీసుకెళ్లి కౌంటర్లో గుమస్తాకి స్వయంగా ఇచ్చింది. ఆయన కంప్యూటర్లో నెంబరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ పాత ఫిర్యాదు మూసేశామమ్మా. మీరు సంతృప్తి వ్యక్తం చేశారు."

"నేనెప్పుడు చేశానండి?"

"సాయంత్రం అయిదు ముప్పైకి సరఫరా పోయింది. ఆరూ యాభై రెండుకి వచ్చింది. ఆరూ యాభై రెండూ మూడు సెకన్లకి మీ కాలనీలో తొంభై ఏడు పాయింట్ల సంతృప్తి నమోదైంది. అందులో మీ గొంతు విడిగా గుర్తించారు కూడా. ఇదిగోండి, గ్రాఫులో ఈ కొండ మీదే."

నూకరత్నం ఆ కొండ కేసి చూసింది. నిజంగానే ఎత్తుగా ఉంది. "అది సంతోషం కాదండి బాబూ. పప్పు కుళ్లిపోకుండా బతికిందేమోనన్న ఆత్రం."

"ఆత్రానికి కాలమ్ లేదమ్మా."

"ముందు ఏడిపించి, తర్వాత ఏడుపు ఆపితే అది కూడా సంతోషమేనేంటండి?"

గుమస్తా ఆలోచించాడు. మంచివాడే. "ఏడుపు ఆగిన టైము ఉంటే నమోదు చేసుకోవచ్చు," అన్నాడు.

ఆ నెల బిల్లులో కొత్త లైను కనబడింది. ఆనంద సర్దుబాటు ఛార్జీ, రెండు వందల పధ్నాలుగు రూపాయలు. ఇంధన సర్దుబాటు, ఆ సర్దుబాటు, ఈ సర్దుబాటు అని ఇదివరకూ వేస్తున్నారు గానీ, ఇదేంటని బిల్లు తెచ్చిన గవర్రాజుని కాలనీ నిలదీసింది.

"ఆయ్, అది ఏంటంటేనండి," అన్నాడు గవర్రాజు, కాగితం తీసి చదువుతూ. "వినియోగదారుడు వాడుకున్న యూనిట్ల విలువ కన్నా పొందిన ఆనందం విలువ అధికముగా ఉన్నట్లు కొలతలలో తేలినది కావున, సదరు వ్యత్యాసమును... అంటే మీరు తక్కువకి కొని ఎక్కువ ఆనందించేశారండి. ఆ తేడా అన్నమాట."

"మరి మా పధ్నాలుగు కిలోల పిండో?"

"వెనకాల ఇంకో కాగితం ఉందండి. పొదుపు పత్రం. ఈ నెల విరామాల వల్ల మీ ఇంటికి కరెంటు వాడకుండా ఆదా అయిన సొమ్ము నూట ఆరు రూపాయలండి. అభినందనలని కూడా రాశారండి."

ఆ రాత్రి నూకరత్నం పోపుల డబ్బా మూత తీసింది. మెంతుల గిన్నె చాల్లేదు. జీలకర్ర గిన్నెలోంచి రెండు వందలు తీసి మెంతుల గిన్నెలో వేసింది. పన్నెండేళ్లలో మొదటిసారి. వేశాక కాసేపు ఆ డబ్బా కేసే చూస్తూ కూర్చుంది, తనే ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టుగా.

మర్నాడు కాలనీ సమావేశమైంది. లెక్కలు చెప్పి రిటైరైన పట్టాభి మాస్టారు బోర్డు లేకుండానే గోడ మీద సుద్దతో గీసి వివరించారు. "చూడండి, బాగా అరిస్తే ఛార్జీ పడుతోంది. ఆఫీసర్స్ కాలనీ అసలు అరవలేదు, వాళ్లకి ఇరవై నాలుగు గంటలు ఇస్తున్నారు. కాబట్టి మనం మధ్యస్థంగా ఆనందించాలి. నలభైకి మించకూడదు. అందరూ ముక్తసరిగా 'ఊఁ, వచ్చిందా' అనండి చాలు."

ప్రాక్టీసు చేశారు. సాయంత్రం కరెంటు రాగానే కాలనీ మొత్తం, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చని పెళ్లికొడుకులాగా, "ఊఁ" అంది. ముప్పై ఎనిమిది పాయింట్లు.

పైనుంచి వెంటనే ఉత్తర్వులొచ్చాయి. "సదరు కాలనీ యందు సంతృప్తి ఆకస్మికముగా క్షీణించినది. విరామ కాలము సరిపోనందున స్పృహ మొద్దుబారినట్లు నిపుణుల అభిప్రాయము. దిద్దుబాటు చర్యగా విరామమును నాలుగు గంటలకు పెంచడమైనది."

"అయితే అసలు నోరే విప్పొద్దు," అంది జుబేదా. "ఆఫీసర్లకి మల్లే సున్నా తెచ్చుకుందాం. పెద్దవాళ్లమై పోదాం."

ఇది అందరికీ నచ్చింది. సున్నా కేక అంత సులువు కాదు. నాలుగు గంటలు ఉక్కలో ఉడికాక గాలి తగిలితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తల్లులు పిల్లల నోళ్లలో తలా ఒక మరమరాల ఉండ కుక్కారు. ముసలమ్మలు పళ్ల సెట్లు తీసి గ్లాసులో వేసుకున్నారు. నూకరత్నం చీర కొంగు నోట్లో దోపుకుంది. కరెంటొచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్జులు దగ్గాయి, సీరియల్లో అత్తగారు నాలుగు గంటల కిందటి తిట్టు వదిలేసి కొత్తది అందుకుంది. మనిషి గొంతు మాత్రం లేదు. స్తంభం మీద పచ్చ లైటు మినుకుమినుకుమంటూ తొంభై సెకన్లు చెవి రిక్కించింది.

తొంభై ఒకటో సెకనులో కరెంటు పోయింది.

గవర్రాజు టార్చి లైటు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. "కేక ఎవరూ వెయ్యలేదేంటండి? కేకంటే రసీదండి. రసీదు రాకపోతే కరెంటు మీకు అందనట్టేనండి. అందని చోటికి పంపితే వృథా అని మిషనే తెల్లారేదాకా ఆపేస్తదండి."

"అందింది కదా గవర్రాజూ, ఫ్యాన్లు తిరిగాయిగా, నువ్వే చూశావుగా."

"నేను చూస్తే చెల్లదండి. మిషను వినాలండి."

"నువ్వే ఒక కేక వెయ్యరాదూ?"

"స్టాఫు అరవకూడదండి. ఆడిట్లో పట్టుకుంటారు."

ఫోన్లో పాత కేక రికార్డు పెడదామని ఎవరో అన్నారు. కాలనీ అంతట్లో ఏ ఫోన్లోనూ ఛార్జింగు లేదు.

రెండో రోజూ అంతే. అప్పుడు గవర్రాజు ఒక నోటీసు తెచ్చి స్తంభానికి అంటించాడు. మూడోసారి కూడా ధ్రువీకరణ ధ్వని రానిచో, సదరు కాలనీని విద్యుత్ అవసరము లేని ప్రాంతముగా పరిగణించి, ట్రాన్స్‌ఫార్మరు సంతృప్తి చెందగల ప్రాంతమునకు తరలించబడును. మూడోసారి ఎప్పుడో కూడా రాశారు. సోమవారం సాయంత్రం ఆరు గంటలకి. పెద్దాఫీసు నుంచి డైరెక్టరు గారు కేక స్వయంగా వినడానికి వస్తున్నారు.

సోమవారం అంటే జూన్ పదిహేను. హాస్టలుకి తొలి పిండి కోసం నాలుగు కిలోల మినప్పప్పు నానబెట్టాల్సిన రోజు.

ఆదివారం పొద్దున్న పరాంకుశం గారు నూకరత్నం గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. జీపు లేదు, చేతిలో ఫైలు లేదు. మనిషి నలిగిపోయి ఉన్నారు. ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా నూకరత్నం. ఈ పథకం రాష్ట్రమంతటా అమలయ్యే దశలో ఉంది. దీని రూపకర్తగా నా పదోన్నతి పరిశీలనలో ఉంది. ఇటువంటి కీలక తరుణంలో మీ కాలనీ మౌనం వహించడం అభివృద్ధికి విఘాతం."

"మేమేం చెయ్యమండి, సంతోషం రావట్లేదు."

"నీకొక్కదానికి వస్తే చాలు." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నువ్వు అందుకుంటే మిగతావాళ్లు ఆపుకోలేరు, గ్రాఫులో చూశాను. రేపు నువ్వు అందుకో. ఎల్లుండి నుంచి ఆఫీసర్స్ కాలనీ లైను మీ ఇంటికి విడిగా లాగిస్తాను. అయిదు నుంచి ఏడే కాదు, రోజంతా. నీ గ్రైండరు ఇక ఆగదు."

నూకరత్నానికి పోపుల డబ్బాలో గిన్నెలన్నీ ఒక్కసారి నిండినట్టు కనబడ్డాయి.

"మరి వీళ్లకండి?" అని అడిగింది.

"మీ కాలనీని ఆదర్శ కాలనీగా ప్రకటిస్తాం. ఆదర్శ కాలనీకి రోజుకి నాలుగు విరామాలు. ఎంత గౌరవమో ఆలోచించు." ఆయన లేచి, గుమ్మం దాటుతూ ఆగారు. "మజ్జిగ బాగుందమ్మా, చల్లగా ఉంది. ఫ్రిజ్జులో పెట్టావా?"

"కుండలో పెట్టానండి. ఫ్రిజ్జులో బియ్యం పోసుకున్నాను. ఎలకలు రావు."

చిన్న కాలనీలో పెద్ద సంగతి దాగదు. మధ్యాహ్నానికి జుబేదా వచ్చి గుమ్మంలో కూర్చుంది. చేతి సూదితో జాకెట్టుకి కాజాలు కుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నీకు లైను ఇస్తారంట కదా అక్కా."

"ఇస్తానన్నాడు. నేను ఊఁ అనలేదు."

"ఊఁ అను. హాస్టలు బేరం మళ్లీ రాదు. నీ గ్రైండరు తిరుగుతుంటే ఆ చప్పుడు వింటూ నేను చీకట్లో కాజాలు కుట్టుకుంటాలే."

"ఎత్తిపొడుస్తున్నావా?"

"కొంచెం." జుబేదా దారం పంటితో కొరికింది. "నువ్వు అరవకపోతే మాత్రం ఏముంది, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. నాకెటూ చీకటే. నువ్వొక్కదానివైనా వెలుగులో ఉంటే వచ్చి నీ ఇంట్లో కుట్టుకోవచ్చు. కానీ అక్కా, నలభై మూడు ఇళ్లు నీ గుమ్మంలో పట్టవు కదా."

 ఆ రాత్రి నూకరత్నం డబ్బా తీసి, జీలకర్ర గిన్నె ఒకసారి మెంతుల గిన్నె ఒకసారి చూసి, మూత పెట్టేసింది.

సోమవారం నాలుగింటికే కరెంటు తీసేశారు. రైసుమిల్లు గోడ పక్కన షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, డైరెక్టరు గారికి మాత్రం మెత్త ఉన్న కుర్చీ. పరాంకుశం గారు ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు. కాలనీ జనం అరుగుల మీద వరసగా కూర్చున్నారు. నిన్న సాయంత్రం పట్టాభి మాస్టారు అందరితో ఒట్టు వేయించారు, నోరు విప్పకూడదని. ట్రాన్స్‌ఫార్మరు పోతే పోనీ, కోర్టుకైనా వెళదాం గానీ ఏడిపించేవాడికి నవ్వి రసీదు ఇవ్వొద్దని. ఒట్టు వేసినవాళ్లలో నూకరత్నం కూడా ఉంది. వేసినప్పుడు ఆమె గొంతు ఎవరికీ సరిగ్గా వినబడలేదు. ఆమె గొంతు వినబడకపోవడం ఆ కాలనీలో అదే మొదలు.

గ్రైండర్లో నానిన మినప్పప్పు పోసి ఉంది. స్విచ్చి వేసే ఉంది. అయిదున్నరకి గ్రేసమ్మ గారు మనిషిని పంపి గుర్తు చేసింది, ఏడు గంటలు, ఏడూ అయిదు కాదు అని.

ఆరైంది. పిల్లల నోళ్లలోకి మరమరాల ఉండలు, నూకరత్నం నోట్లోకి చీర కొంగు మళ్లీ చేరాయి. డైరెక్టరు గారు మెత్త కుర్చీలో ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. గవర్రాజు స్తంభం దగ్గర నిలబడి ఎవరి కళ్లలోకీ చూడకుండా ఫ్యూజు పెట్టాడు.

కరెంటొచ్చింది.

స్తంభం మీద పచ్చ లైటు వెలిగింది. నూకరత్నం ఇంట్లో గ్రైండరు రాయి గుర్రుమని కదిలింది, పప్పు మీద దొర్లింది, ఆ చప్పుడు ఆమెకి చంటిపిల్ల నిద్రలేచినట్టు వినబడింది. తలుపు సందులోంచి ఫ్యాను గాలి వచ్చి మెడ మీద చెమటకి తగిలింది. రెండు గంటలుగా ఉడికిన ఒళ్లంతా ఒక్కసారి హాయి అనిపించింది. ఆ హాయి అబద్ధం కాదు. పరాంకుశం గారు కనిపెట్టింది కాదు, పెద్దాఫీసు మంజూరు చేసింది కాదు. చిన్నప్పుడు అమ్మ తట్ట దించాక నీడలో నిలబడ్డప్పుడు కలిగిన హాయే. అది కేకగా మారి గొంతు దాకా ఎక్కి వచ్చేసింది.

ముప్పై సెకన్లు. ఎవరూ మాట్లాడలేదు. ఒక పిల్లాడి నోట్లో మరమరాల ఉండ పటుక్కుమంది.

అరవై సెకన్లు. పరాంకుశం గారు రెండు చేతులూ జోడించి నూకరత్నం కేసి చూశారు, గుళ్లో దేవతని చూసినట్టు. జుబేదా కూడా చూసింది. పట్టాభి మాస్టారు చూశారు. అరుగుల మీద నలభై మూడు ఇళ్ల వాళ్లూ ఆమె కేసే తిరిగారు, ఎవరూ ఏ సైగా చెయ్యలేదు. లోపల గ్రైండరు తిరుగుతూనే ఉంది, పప్పు అప్పుడే వెన్నలా నలగడం మొదలైంది.

డెబ్బై. నూకరత్నం నోట్లోంచి చీర కొంగు తీసేసింది. ఊపిరి లోపలికి పీల్చుకుంది.

ఇంకా ఇరవై సెకన్లు ఉన్నాయి. ఆ గొంతు మీదైతే, ఆ కేక ఏం చేసేవారు మీరు?